కాన్పు ఆసుపత్రికి చేరింది. తోడు గుమ్మం బయటే ఆగింది

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల పల్లెలలో ఇంటి దగ్గర కాన్పు జరిగిందన్న మాట ఇప్పుడు అరుదుగా వినవస్తున్నది. నొప్పులు మొదలైతే 102 బండికి గాని, 108 బండికి గాని ఫోను చేస్తారు. ఆశా కార్యకర్త వెంట ఎక్కుతుంది. తల్లో, అత్తో పాత చీరల మూట సర్దుకుని బయలుదేరుతుంది. అంతవరకు బాగానే ఉంది. ప్రసూతి గది తలుపు దగ్గరకు వచ్చేసరికి మాత్రం, పెక్కు ఆసుపత్రులలో, వెంట వచ్చినవాళ్లందరూ బయటే ఆగిపోవలసి వస్తున్నది. లోపల నర్సులు ఉంటారు. అవసరమైతే డాక్టరు వస్తారు. కాని ఎనిమిది గంటలో, పది గంటలో, ఒక్కోసారి అంతకు మించో సాగే ఆ నొప్పుల వేళ పక్కన కూర్చుని నడుము రాసేవారు, ‘ఇంకా ఎంతసేపు’ అని అడిగితే బదులు చెప్పేవారు ఉండరు. తొలిచూలు పిల్లకు ఆ గదిలో అందరూ కొత్త ముఖాలే.

ఇది చిన్న లోటుగా కనిపించవచ్చు. తెలంగాణలో పెద్దాపరేషన్ల లెక్క చూసినవారు అలా అనుకోరు.

పదింట ఆరు ఆపరేషన్లే

కేంద్ర ప్రభుత్వం 2019-21లో జరిపించిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆసుపత్రులలోనే జరిగాయి. ఇది మెచ్చుకోదగిన సంగతి. ప్రసూతి మరణాలు కూడా బాగా తగ్గాయి. 2018-20 లెక్కలలో దేశం మొత్తం మీద లక్ష జననాలకు 97 మంది తల్లులు మరణించగా తెలంగాణలో ఆ సంఖ్య 43. ఇంటి మూలగదిలో రక్తస్రావంతో ప్రాణాలు పోగొట్టుకున్న ఆడవాళ్ల కథలు ప్రతి ఊరిలోను పెద్దలకు గుర్తున్నాయి గనుక, ఈ మార్పును ఎవరూ తక్కువ చేసి మాట్లాడరాదు.

అయితే అదే సర్వే మరొక సంగతిని కూడా బయటపెట్టింది. రాష్ట్రంలో నూటికి 60.7 కాన్పులు ఆపరేషన్ ద్వారానే జరిగాయి. దేశ సగటు 21.5 మాత్రమే. ప్రైవేటు ఆసుపత్రులను విడిగా తీసుకుంటే ఈ సంఖ్య 81.5, ప్రభుత్వ ఆసుపత్రులలో 44.5. పొరుగున ఉన్న కరీంనగర్ జిల్లాలో మొత్తం మీద 80 దాటింది. ఆపరేషన్లు 10 శాతం దాటిన తరువాత తల్లీబిడ్డల మరణాలు అదనంగా తగ్గిన దాఖలా కనిపించడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే ప్రకటించింది. ఆ లెక్కన చూస్తే ఇక్కడ కత్తి పడుతున్న కడుపులలో ఎన్నింటికి నిజంగా అవసరమో ఊహించుకోవచ్చు.

ఒకసారి కోత పడితే మలిచూలుకు కూడా కోత తప్పదన్నది ఇక్కడి అనుభవం. కోతకు అయ్యే ఖర్చు ఒక ఎత్తు. నాట్లకో, పత్తి ఏరడానికో పోవలసిన మనిషి నెలల తరబడి బరువు ఎత్తలేక, వంగలేక ఇంట్లో ఉండిపోవడం మరొక ఎత్తు. కూలీ ఇళ్లలో ఈ రెండవ నష్టమే పెద్దది, కాని అది ఏ లెక్కలోను రాదు.

ఇందుకు కారణం ఎవరు అంటే తలా ఒక మాట చెబుతారు. ప్రైవేటు వారి డబ్బు ఆశ అని కొందరు, ముహూర్తాల పిచ్చి అని కొందరు. ముహూర్తం చూసుకుని పిల్లను కనాలనుకునే కుటుంబాలు ఉన్నమాట నిజమే. మంచి ఘడియ ముందే అడిగి తేదీ ఖాయం చేసుకుంటున్నారని ఆరోగ్య శాఖ మంత్రులే బహిరంగంగా మందలించిన సందర్భాలున్నాయి. కాని పంతులు మీద నెపం వేసి ఊరుకుంటే అసలు సంగతి మరుగున పడుతుంది. చాలా ఇళ్లలో ఆపరేషన్‌ను ముందుగా అడిగేది భయం. లోపల పిల్ల అరుస్తున్నది, బయట తల్లికి ఏమీ తెలియడం లేదు. లోపలివారు వచ్చి చెప్పరు, బయటివారు లోపలికి పోలేరు. రెండు మూడు గంటలు అలా గడిచేసరికి ‘ఆ కోసేదేదో కోసి బిడ్డను తియ్యండి సారూ’ అని బతిమాలుకునేది కన్నవాళ్లే. ఆ మాట విన్న డాక్టరు, ఇంకా కొంతసేపు ఆగుదామని చెప్పడానికి చాలా ధైర్యం కావాలి. ఆగిన తరువాత ఏదైనా జరిగితే ఆసుపత్రి అద్దాలు మిగలవు.

మంత్రసాని చేసిన రెండు పనులు

పూర్వం ఈ ప్రాంతంలో కాన్పు అంటే మంత్రసానిదే పెత్తనం. చాలా ఊళ్లలో మంగలి, చాకలి, మాదిగ ఇళ్ల ఆడవాళ్లు ఈ పని చేసేవారు. బొడ్డు కోసినందుకు ఇన్ని బియ్యం, ఒక పాత చీర, పురుడు నాడు కాసిన్ని పైసలు ముట్టేవి. ఊరిలో సగం మందికి బొడ్డు కోసిన మనిషిని వాకిట్లో కూర్చోబెట్టి, విస్తరి దూరంగా వేసిన ఊళ్లు కూడా ఇవే.

ఆమె చేసిన పని నిజానికి రెండు పనులు. ఒకటి, వైద్యం. బిడ్డను పట్టడం, బొడ్డు కోయడం, మాయ పడిందో లేదో చూడడం. ఇందులో ఆమెకు అనుభవం ఉన్నా, ప్రమాదాన్ని దాటించే సాధనం లేదు. కడుపు మీద ఒత్తడం, శుభ్రం లేని కత్తితో బొడ్డు కోయడం వంటి వాటివల్ల ఎందరో తల్లులకు, బిడ్డలకు ముప్పు వచ్చింది. అందుకే 1970ల నుంచి ప్రభుత్వాలు దాయీలకు శిక్షణ ఇచ్చి, శుభ్రమైన చేతులు, శుభ్రమైన పడక, శుభ్రమైన బ్లేడు, శుభ్రమైన దారం, శుభ్రమైన బొడ్డు అంటూ అయిదు సూత్రాలు నేర్పాయి. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్, జననీ సురక్షా యోజన వచ్చిన తరువాత దారి మారింది. కాన్పులన్నీ ఆసుపత్రికే చేరాలన్నది విధానమైంది. సంచీ ఇచ్చి శిక్షణ ఇచ్చిన దాయీలను, ఇక మీతో పని లేదని కూడా చెప్పకుండానే పక్కన పెట్టారు.

ఆమె చేసిన రెండవ పని తోడు. నొప్పులు మొదలైన దగ్గర నుంచి ఇల్లు కదలకుండా కూర్చునేది. ‘బిడ్డా, జెర ఓపిక పట్టు, అయిపోతది’ అనేది. నడిపించేది, గోడకు ఆనించి నిలబెట్టేది, వేడినీళ్లు పోసేది, వీపు రాసేది. బయట తిరుగుతున్న మగవాళ్లకు కబురు చెప్పేది. పురుడు దాటే దాకా వచ్చి బిడ్డకు నీళ్లు పోసి పోయేది. మొదటి పనిని ఆసుపత్రి తీసుకున్నది, ఆమె కంటే ఎంతో మెరుగ్గా చేస్తున్నది. రెండవ పనిని ఎవరూ తీసుకోలేదు. మంత్రసానితో పాటే అదీ పోయింది.

పేరు కొత్తది, పని పాతది

అమెరికా, ఐరోపా దేశాలలో ఈ రెండవ పని చేసే స్త్రీని ఇప్పుడు డూలా అని పిలుస్తున్నారు. గ్రీకు భాషలో పరిచారిక అని అర్థం. డానా రాఫేల్ అనే అమెరికా మానవశాస్త్రజ్ఞురాలు 1970ల తొలినాళ్లలో ఈ మాటను వాడుకలోకి తెచ్చారు. డూలా మంత్రసాని కాదు, నర్సు కాదు. చేయి పెట్టి పరీక్ష చేయదు, సూది వేయదు, మందు ఇవ్వదు. కాన్పుకు ముందు నాలుగైదు సార్లు ఇంటికి వచ్చి ఏమి జరగబోతుందో చెబుతుంది. నొప్పుల వేళ విడవకుండా పక్కన ఉంటుంది. తరువాత కొన్ని వారాల పాటు బాలింతను, బిడ్డను చూసి పోతుంది. డబ్బున్నవారు సొంతంగా పెట్టుకునే మనిషిగా మొదలై, క్రమంగా పేదల వాడలలో, వలస వచ్చినవారి మధ్య, వారి సొంత భాష మాట్లాడే స్త్రీలకే శిక్షణ ఇచ్చి ఈ పనికి నిలిపే ఏర్పాట్లు వచ్చాయి. వారినే సమాజ డూలాలు అంటున్నారు.

దీనివల్ల ఫలితం ఉందా అన్న ప్రశ్నకు నమ్మదగిన జవాబే ఉంది. 1980లో గ్వాటిమాలా దేశపు ప్రభుత్వ ఆసుపత్రిలో జరిగిన ఒక పరిశీలన వైద్య లోకాన్ని ఆశ్చర్యపరచింది. తొలి కాన్పుకు వచ్చిన స్త్రీలలో కొందరి పక్కన ముందు పరిచయం లేని ఒక మామూలు ఆడమనిషిని కూర్చోబెట్టారు. మందులు లేవు, యంత్రాలు లేవు. చేయి పట్టుకోవడం, వీపు రాయడం, మాట్లాడడం, అంతే. చిక్కులు లేని కాన్పులలో, ఒంటరిగా ఉన్నవారికి సగటున 19 గంటలు పట్టగా తోడు ఉన్నవారికి 9 గంటల లోపే ముగిసింది. అది చిన్న పరిశీలన. తరువాత 17 దేశాలలో 15 వేలకు పైగా స్త్రీల మీద జరిగిన 26 పరిశీలనలను కలిపి 2017లో కోక్రేన్ సంస్థ బేరీజు వేసింది. అందులో తేడా అంత నాటకీయంగా లేదు. నొప్పుల కాలం సగటున 40 నిమిషాలు తగ్గింది. కాని ఆపరేషన్లు నాలుగో వంతు తగ్గాయి. బంధువు కాకుండా ఆ పనికోసమే శిక్షణ పొందిన మనిషి ఉన్నచోట తగ్గుదల ఇంకా ఎక్కువ. నాలుగో వంతు ఆపరేషన్లను తగ్గించే మందు ఏదైనా వస్తే దానిని జిల్లా కేంద్రాలలో ఊరేగించి పంచేవారు. ఇది మందు కాదు గనుక ఎవరికీ పట్టలేదు.

కారణం కూడా పెద్ద రహస్యమేమీ కాదు. భయపడిన మనిషి ఒళ్లు బిగుసుకుంటుంది. భయంలో పుట్టే రసాయనం నొప్పులను మందగింపజేస్తుంది. వెల్లకిలా పడుకోబెట్టి కదలవద్దంటే బిడ్డ కిందికి దిగడం మరింత ఆలస్యమవుతుంది. పక్కన మనిషి ఉంటే లేచి నడుస్తుంది, నీళ్లు తాగుతుంది, ఒక పక్కకు ఒరుగుతుంది. పల్లెల్లో పెద్దలకు తెలిసిన సంగతే ఇది.

అనుమతి ఉంది, ఆచరణ లేదు

ఇక్కడ ఒక విడ్డూరం చెప్పుకోవాలి. కాన్పు గదిలోకి ఒక తోడును అనుమతించాలని కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2016లోనే రాష్ట్రాలకు రాసింది. ఆ తోడు ఆడమనిషై ఉండాలి, తాను కాన్పు చూసిన మనిషై ఉండాలి, అంటురోగం ఉండరాదు, శుభ్రమైన బట్టలు కట్టుకోవాలి, సిబ్బంది పనిలో జోక్యం చేసుకోరాదు, పక్క మంచాల వారి జోలికి పోరాదు అని నియమాలు కూడా పెట్టింది. చాటు ఉన్నచోట భర్తను సైతం రానివ్వవచ్చునన్నది. 2017 డిసెంబరులో మొదలైన ‘లక్ష్య’ కార్యక్రమంలో ఇది ప్రసూతి గదుల నాణ్యతను కొలిచే అంశాలలో చేరింది. తమిళనాడు ఇంకా ముందే, 2004లోనే, ప్రభుత్వ ఆసుపత్రులలో ఈ ఏర్పాటు మొదలుపెట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 సిఫారసులలోను తోడు ఉంది. ఇన్ని కాగితాలు ఉండగా గ్రామీణ స్త్రీలకు ఈ హక్కు ఉన్నదన్న సంగతే తెలియదు. తెలియని హక్కును అడిగేదెవరు?

సిబ్బంది వాదనను కొట్టిపారేయలేము. ఒకే గదిలో నాలుగైదు బల్లలు, మధ్య పరదా లేదు. ఒకరి వెంట తోడును రానిస్తే మిగతావారి మానమర్యాదల మాటేమిటి అని వారంటారు. తోడుగా వచ్చినామె గాభరా పడి కేకలు వేస్తే, బయటకు పోయి లేనిపోనివి చెప్పి జనాన్ని రెచ్చగొడితే ఎవరు బాధ్యులు అని అడుగుతారు. రాత్రి డ్యూటీలో ఒక్క నర్సు ముగ్గురిని చూసుకోవలసిన చోట ఈ ప్రశ్నలు న్యాయమైనవే. కాని వీటికి జవాబు తలుపు మూయడం కాదు. బల్లకు బల్లకు మధ్య పరదా కట్టడం, వచ్చే తోడుకు ముందే పని నేర్పడం. కళ్లారా చూసిన మనిషి బయటకు వచ్చి ‘నర్సమ్మ పొద్దంతా నిలబడే ఉన్నది’ అని చెబితే ఆసుపత్రి మీద రాళ్లు పడవు. తోడు సిబ్బందికి సాక్షి కూడా అవుతుంది.

ఇదే దారిలో తెలంగాణ ప్రభుత్వం ఒక మంచి పని చేసింది. 2017లో ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యునిసెఫ్‌లతో కలిసి కరీంనగర్‌లో 30 మంది నర్సులకు మిడ్‌వైఫరీలో 18 నెలల శిక్షణ మొదలుపెట్టింది. మామూలు కాన్పును డాక్టరు జోక్యం లేకుండా, తల్లి మాట వింటూ నడిపించడం ఆ చదువు సారాంశం. ఈ అనుభవం తరువాత 2018 డిసెంబరులో కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫరీ సేవల మార్గదర్శకాలు వెలువరించింది. అయితే మిడ్‌వైఫ్ వేరు, డూలా వేరు. మిడ్‌వైఫ్ చేతిలో వైద్యం ఉంటుంది, ఆమె ముందు ఒక్క తల్లి ఉండదు. ఊరి నుంచి వెంట వచ్చి, మళ్లీ ఊరికి వెంట పోయే మనిషి మరొకరు కావాలి.

మూడు జిల్లాలు, మూడు తీరులు

జనగామకు దారులు సులువు. రైలు, జాతీయ రహదారి ఉన్నాయి. చంపక్ హిల్స్‌లో మాతా శిశు ఆసుపత్రి ఉంది. చిక్కు వస్తే అటు వరంగల్, ఇటు హైదరాబాద్. ఇక్కడి కుటుంబాలకు దూరం సమస్య కాదు. ఆసుపత్రులు దగ్గరగా ఉండడమే ఒక విధంగా చిక్కు. కొంచెం భయం వేస్తే చాలు, ప్రభుత్వ ఆసుపత్రి మంచం దిగి ప్రైవేటు మెట్లు ఎక్కడం సులభం. బచ్చన్నపేట నుంచో, దేవరుప్పుల నుంచో వచ్చిన తల్లికి ‘ఇది మామూలే, ఆగుదాం’ అని నచ్చజెప్పే మనిషి కరవు.

మహబూబాబాద్ సంగతి వేరు. జిల్లా జనాభాలో మూడో వంతుకు పైగా గిరిజనులు. మైదానాలలో లంబాడా తండాలు, గంగారం, కొత్తగూడ వైపు అడవిలో కోయ గూడేలు. తండా పిల్ల బడిలో తెలుగు చదువుకున్నా, నొప్పులలో నోట వచ్చేది లంబాడీయే. ‘యాడీ’ అని ఏడ్చే పిల్లకు తెలుగులో గద్దింపు వినిపిస్తే ఆమె ఇంకా బిగుసుకుపోతుంది. సిబ్బందిది దురుద్దేశం అనలేము. వారికి ఆ మాటలు తెలియవు. ఎప్పటి నుంచి నొప్పి, ఉమ్మనీరు పోయిందా, బిడ్డ కదులుతున్నదా అన్న ప్రశ్నలకు సరైన జవాబు రాకపోతే వైద్యమే పక్కదారి పడుతుంది. సొంత తండా నుంచి ఇద్దరు బిడ్డల తల్లి ఒకామె, ఆసుపత్రి తీరు తెలిసినామె, పక్కన ఉంటే ఆమె దుబాసీ కూడా అవుతుంది. సమాజ డూలా అన్న ఆలోచన ఎక్కడైనా సరిగ్గా అతుకుతుందంటే అది ఇక్కడే. కోయ గూడేలలో పురుడుకు సొంత ఆచారాలున్నాయి. వాటిలో హాని లేనివాటిని ఆసుపత్రిలోను సాగనిస్తే సగం బెదురు పోతుందని ఎవరైనా చెప్పగలరు.

భూపాలపల్లికి రైలు లేదు. సింగరేణి గనులున్న పట్టణం ఒక లోకం. పలిమెల, మహాముత్తారం, మహదేవపూర్ మండలాలు మరొక లోకం. గోదావరి ఒడ్డు ఊళ్ల నుంచి జిల్లా కేంద్రానికి రావడమే ఒక ప్రయాణం, అక్కడ నుంచి వరంగల్‌కు పంపితే మరొక ప్రయాణం. అటువంటి దారిలో పక్కన ఎవరున్నారన్నది ప్రాణంతో కూడిన ప్రశ్న. 2023 జూలైలో మోరంచ వాగు పొంగి మోరంచపల్లి మునిగినప్పుడు జనం మిద్దెలు, చెట్లు ఎక్కి హెలికాప్టర్ల కోసం ఎదురుచూసిన సంగతి తెలిసిందే. వానాకాలంలో నెలలు నిండిన స్త్రీలను నాలుగు రోజులు ముందే ఆసుపత్రికి చేర్చాలని అధికారులు చెబుతారు. చేరమన్నా, ఇల్లు, మేకలు, పెద్ద పిల్లను విడిచి ఒంటరిగా పోయి వార్డులో పడుండడానికి ఏ తల్లి ఒప్పుకుంటుంది? వెంట వచ్చి ఉండే మనిషి ఉంటే ఒప్పుకుంటుంది.

ఈ పని కూడా ఆశాల నెత్తినేనా?

తోడు అనగానే అధికారుల చూపు ఆశా కార్యకర్తల మీదికి పోతుంది. ఇది సరికాదు. టీకాలు, సర్వేలు, క్షయ మందులు, బీపీ మాత్రలు, రిజిస్టర్లు అన్నీ వారి మీదే ఉన్నాయి. 2023 సెప్టెంబరులో వారు సమ్మెకు దిగింది స్థిర వేతనం కోసమే. పది గంటలు ఒకే మంచం దగ్గర కూర్చోవలసిన పనిని, ఊరంతా తిరగవలసిన మనిషికి అప్పగిస్తే రెండూ చెడతాయి. పని ఊరికే చేయించుకోవడం కూడా మంచిది కాదు. మంత్రసాని విషయంలో సమాజం చేసిన తప్పు అదే.

2017 జూన్‌లో మొదలైన కేసీఆర్ కిట్ పథకంలో మగబిడ్డకు 12 వేలు, ఆడబిడ్డకు 13 వేల రూపాయలు, చీర, సబ్బు, దోమతెర ఇవ్వాలని నిర్ణయించారు. దానితో ప్రభుత్వ ఆసుపత్రులకు గర్భిణుల రాక పెరిగింది. 2022 డిసెంబరులో భూపాలపల్లి సహా 9 జిల్లాలలో పౌష్టికాహార కిట్లు వచ్చాయి. వస్తువులకు ప్రభుత్వం వెనుకాడలేదు. ఆ వరసలోనే కాన్పుకు ఇంత అని తోడుకు వేతనం నిర్ణయించడం అసాధ్యమేమీ కాదు. ఊరి మహిళా సంఘాలలో నలభై దాటిన, పిల్లలు పెద్దవారైన, నిదానస్తురాలైన స్త్రీలు దొరకరా? మంత్రసానుల ఇళ్లలో తల్లి వెంట తిరిగి పని చూసిన కూతుళ్లు, కోడళ్లు ఇంకా ఉన్నారు. వారికి మొదటి అవకాశం ఇవ్వడం న్యాయం. బొడ్డు కోయడం ఇక వారి పని కాదని, ఏ లక్షణం కనిపిస్తే వెంటనే నర్సును పిలవాలని మాత్రం గట్టిగా నేర్పాలి.

తోడుతోనే అన్నీ చక్కబడతాయని కూడా అనరాదు. అదే సర్వేలో తెలంగాణ గర్భిణులలో సగానికి పైగా, నూటికి 53 మందికి, రక్తహీనత ఉన్నట్లు తేలింది. బీపీ పెరిగిన తల్లికి, అడ్డం తిరిగిన బిడ్డకు చేయి పట్టుకునే మనిషి సరిపోదు. ఆపరేషనే దిక్కు. అయితే పుట్టిన గంటలోపు ముర్రుపాలు పట్టిన బిడ్డలు రాష్ట్రంలో నూటికి 37 మందే అన్న లెక్క వంటివి పక్కన మనిషి ఉంటే మారగలవు. కోత పడిన తల్లి మత్తులో ఉండగా బిడ్డను రొమ్ముకు అందించే చేయి కావాలి గదా. బాలింతకు నీళ్లు తాగనివ్వకుండా, కూర పెట్టకుండా చేసే పత్యాలను అత్తలకు నచ్చజెప్పి మాన్పించగలది కూడా డాక్టరు కాదు, ఆ ఊరి మనిషే.

మహబూబాబాద్‌లో 2022లోను, జనగామ, భూపాలపల్లిలలో 2023లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. అంటే మూడు చోట్లా ప్రసూతి విభాగాలకు ఆచార్యులు, లెక్కలు రాసే చేతులు ఉంటాయి. ఒక్కో ఆసుపత్రిలో రెండు బల్లలకు పరదాలు కట్టి, తొలిచూలు తల్లులకు తోడును అనుమతించి, ఆరు నెలల పాటు ఎన్ని ఆపరేషన్లు, ఎన్ని గంటల నొప్పులు అని రాసి చూడడానికి హైదరాబాద్ నుంచి కొత్త జీవో అక్కరలేదు. కాన్పు గదులలో వాడే సురక్షిత ప్రసవ పట్టికలో తోడు ఉండేలా ప్రోత్సహించారా అన్న గడి ఇప్పటికే ఉంది. దానిలో టిక్కు పెట్టేటప్పుడు పక్కన మనిషి నిజంగా ఉన్నదీ లేనిదీ జిల్లా వైద్యాధికారులు ఒక రాత్రి వేళ వచ్చి చూడవలసి ఉంది.